ఎలుకలో పాసైన పంది టీకా: ఆ ఫలితంలో బలమెంత?

క్లుప్తంగా: పంది వైరస్‌ను అడ్డుకోవడానికి చేసిన రీకాంబినెంట్ ప్రొటీన్ టీకాను (వైరస్ జన్యువును వేరే కణాల్లో పెట్టి తయారుచేయించిన ప్రొటీన్‌తో చేసినది) ముందు ఎలుకల్లో పరీక్షించడం ఆనవాయితీ. ప్రొటీన్ సరైన ఆకారంలో ఉందా, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలను పుట్టిస్తోందా అన్నంత వరకే ఆ పరీక్ష చెబుతుంది. దొడ్డిలో పందిపిల్ల బతుకుతుందా అన్నది ఎలుక చెప్పలేదు. పందిపిల్లలను బక్కచిక్కించే సర్కోవైరస్ విషయంలో ఎలుక ఫలితానికీ పంది ఫలితానికీ పొంతన బాగానే కుదురుతుంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ విషయంలో అదే తరహా ఫలితాన్ని నమ్ముకుంటే దారి తప్పుతాం. తేడా ఎలుకలో లేదు, వైరస్‌లో ఉంది.

"పందుల వైరస్‌కు కొత్త టీకా, ఎలుకల మీద ప్రయోగం సఫలం" అన్న తరహా వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల స్పందన కనిపిస్తుంది. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల దిక్కు పందులు సాకేవాళ్లు ఆ టీకా నేడో రేపో పశువైద్యశాలకు వస్తుందనుకుంటారు. ఎలుకల పరీక్షల మీద మొదటి నుంచీ గురిలేనివాళ్లు "ఎలుకకూ పందికీ ఏం పొత్తు?" అని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటే. ఎలుక పరీక్ష ఒక జల్లెడ. పనికిరాని ప్రొటీన్‌ను తక్కువ ఖర్చుతో ముందే ఏరేస్తుంది. జల్లెడ దాటినదంతా గింజే అనుకోవడానికి మాత్రం లేదు.

ఇక్కడ ఎలుకంటే పొలం గట్లు తవ్వే పందికొక్కు కాదు. 20 గ్రాముల బరువుండే తెల్ల చిట్టెలుక.

## ఏ వైరస్ గురించి మాట?

"పంది వైరస్" అన్న ఒక్క మాట కింద వేర్వేరు జబ్బులు కలిసిపోతుంటాయి. క్లాసికల్ స్వైన్ ఫీవర్ పాత పేరు హాగ్ కలరా. దీనికి మన దేశంలో చాలాకాలంగా కుందేళ్ల ప్లీహం నుంచి తీసే బతికున్న టీకా వాడుకలో ఉంది. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ కణాల్లో పెంచే టీకాను కూడా తయారుచేసింది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ పేరులో మాత్రమే దీనికి దగ్గర, కుటుంబం పూర్తిగా వేరు. అది మన దేశంలో మొదట 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ పందిలో పెరిగి దోమ ద్వారా మనిషిని చేరుతుంది. పందులంటే ఊళ్లలో ఉన్న భయానికి సగం కారణం అదే. స్వైన్ ఫ్లూ పేరులో పంది ఉన్నా అది ఇప్పుడు మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు.

ఎలుకల్లో రీకాంబినెంట్ టీకా పరీక్ష గురించి వచ్చే వ్యాసాల్లో తరచుగా కనిపించేది వీటికి వేరైన పోర్సైన్ సర్కోవైరస్-2. పొట్టిగా పీసీవీ-2. పాలు మరిచిన పందిపిల్లలు, ముఖ్యంగా 5 నుంచి 12 వారాల వయసువి, మేత తింటూనే బక్కచిక్కుతాయి. వెన్నుపూస తేలుతుంది, వెంట్రుక బిరుసెక్కుతుంది, గజ్జల్లో గడ్డలు చేతికి తగులుతాయి, కొన్నింటికి ఆయాసం, పారుడు. ఒక ఈతలో రెండు మూడు పిల్లలు ఇలా క్షీణిస్తుంటే తవుడు చాలలేదనో, నట్టల మందు తాగించలేదనో అనుకోవడం సహజం. 1991లో పశ్చిమ కెనడాలో ఈ క్షీణత జబ్బును గుర్తించారు. పీసీవీ-2 దాని వెనక ఉందని ఆ దశాబ్దం చివర్లో తేలింది. మన దేశంలోనూ పలు రాష్ట్రాల్లో ఈ వైరస్ నమోదైంది. మనుషులకు ఇది జబ్బు తెచ్చినట్టు ఆధారాలు లేవు. దీని తోబుట్టువు పీసీవీ-1 జన్యుపదార్థం 2010లో పిల్లలకు వేసే రోటావైరస్ టీకాలో కనబడితే అమెరికాలో కొన్ని వారాలు దాని వాడకం ఆపారు. హాని లేదని తేల్చుకుని తిరిగి మొదలుపెట్టారు.

## ఒక్క ప్రొటీన్ ఎందుకు సరిపోతుంది

పీసీవీ-2 జంతువులకు సోకే అతి చిన్న వైరస్‌లలో ఒకటి. సుమారు 1,768 అక్షరాల వలయాకార డీఎన్ఏ, దాని చుట్టూ ఒకే రకం ప్రొటీన్ 60 ముక్కలు పేర్చిన గుల్ల. అంతే. ఆ ప్రొటీన్ పేరు క్యాప్. పొడవు 233 లేదా 234 అమైనో ఆమ్లాలు, బరువు 28 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల బరువుకు వాడే కొలత) చుట్టుపక్కల. వైరస్ పైతొడుగు మొత్తం ఈ ఒక్క ప్రొటీనే కాబట్టి, దాని మీద సరైన యాంటీబాడీ పుడితే వైరస్ దాక్కోవడానికి వేరే చోటు లేదు.

క్యాప్ 60 ముక్కలను ఒకచోట చేర్చి, తగిన ఉప్పు, పీహెచ్ కల్పిస్తే అవి తమంతట తామే గుల్లగా అల్లుకుంటాయి. లోపల డీఎన్ఏ ఉండదు కాబట్టి జబ్బు తేలేదు. పైనుంచి చూస్తే మాత్రం అసలు వైరస్‌కు నకలే. 2006 నుంచి ఉత్తర అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చిన పీసీవీ-2 టీకాల్లో పురుగు (కీటక) కణాల్లో తయారైన క్యాప్ ప్రొటీన్‌తో చేసినవి ఉన్నాయి. అసలు వైరస్‌ను కణాల్లో పెంచి చంపి టీకా చేయవచ్చు, చేశారు కూడా. కానీ పీసీవీ-2 కణాల్లో మందకొడిగా పెరుగుతుంది. అందుకే ప్రొటీన్ దారి.

## ఈ.కోలి సీసాలో ఎదురయ్యే చిక్కులు

చిన్న ప్రయోగశాలలు పురుగు కణాల ఖర్చు భరించలేక ఈ.కోలి బ్యాక్టీరియాను ఎంచుకుంటాయి. క్యాప్ జన్యువును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంలో అతికించి బీఎల్21 రకం బ్యాక్టీరియాలోకి పంపుతారు. 600 నానోమీటర్ల దగ్గర కల్చర్ చిక్కదనం 0.6 చేరగానే ఐపీటీజీ అనే రసాయనం కలిపి ప్రొటీన్ తయారీని మొదలుపెడతారు. 37 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు, లేదా 16 నుంచి 20 డిగ్రీల దగ్గర రాత్రంతా. చదవడానికి ఇంతే, చేతికొచ్చేసరికి రెండు చోట్ల బండి ఆగుతుంది.

మొదటిది జన్యువు భాష. క్యాప్ ప్రొటీన్ మొదటి 41 అమైనో ఆమ్లాల్లో ఆర్జినిన్‌లు గుత్తులుగా ఉంటాయి. వాటి కోసం వైరస్ వాడే సంకేతాలు ఈ.కోలిలో అరుదు. తయారీ మధ్యలోనే ఆగిపోతుంది, ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద 28 కిలోడాల్టన్ల దగ్గర గీత కనబడదు. అప్పుడు చాలామంది ఆ 41ని కత్తిరించేస్తారు. ప్రొటీన్ బాగా వస్తుంది కానీ గుల్లగా అల్లుకునే గుణం దెబ్బతింటుంది. జన్యువును ఈ.కోలికి అనువుగా తిరగరాయించుకోవడం, అరుదైన ఆర్జినిన్ టీఆర్‌ఎన్‌ఏలు (ఆ సంకేతాలను చదివి ఆర్జినిన్‌ను మోసుకొచ్చే అణువులు) అందించే రోజెటా రకం బ్యాక్టీరియాను వాడటం, సుమో అనే తోక తగిలించడం దీనికి మందు. పూర్తి పొడవు క్యాప్ వాడారా, కత్తిరించినది వాడారా అన్నది ఏ వ్యాసంలోనైనా మొదట వెతకాల్సిన వాక్యం.

రెండోది ముద్దకట్టడం. 37 డిగ్రీల దగ్గర వేగంగా తయారైన ప్రొటీన్ సరిగా మడత పడక బ్యాక్టీరియా లోపల ఉండలుగా చేరుతుంది. ఆ ఉండలను 8 మోలార్ యూరియాలో కరిగిస్తారు. నికెల్ కాలమ్ మీదుగా శుద్ధి చేస్తారు: 20 మిల్లీమోలార్ ఇమిడజోల్‌తో కడగడం, 250తో దించుకోవడం. తర్వాత యూరియాను 6, 4, 2, 1 మోలార్ చొప్పున మెట్లు మెట్లుగా తగ్గిస్తూ ప్రొటీన్‌ను తిరిగి మడతపెడతారు. తొందరపడి 8 నుంచి నేరుగా సున్నాకు తెస్తే డయాలిసిస్ సంచిలో తెల్లటి విరుగుడు తేలుతుంది. పైకి తేటగా కనిపించినా మడత సరిగా పడిందన్న హామీ లేదు. ఎస్‌డీఎస్ జెల్ ప్రొటీన్‌ను విప్పి చూపిస్తుంది కాబట్టి అది బరువు చెబుతుంది, ఆకారం చెప్పదు. ఆకారం తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద 20 నానోమీటర్ల లోపు గుండ్రటి గుల్లలు కనబడాలి.

ఈ ఆకారం గొడవకు పీసీవీ-2లో ప్రత్యేక కారణం ఉంది. క్యాప్‌లో 169 నుంచి 180 వరకు ఉన్న ముక్క ఒక ఎర లాంటిది. విడివిడి క్యాప్ ముక్కలను చూసిన శరీరం ఆ ఎర మీద యాంటీబాడీలు గుప్పిస్తుంది. అవి వైరస్‌కు అంటుకుంటాయి కానీ ఆపవు. జబ్బుపడ్డ పందుల్లో ఈ రకం యాంటీబాడీ ఎక్కువగా కనిపిస్తుంది, గుల్లతో టీకా వేసిన పందుల్లో తక్కువ. అంటే ముద్దకట్టిన ప్రొటీన్‌తో టీకా వేసినా ఎలుక సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) యాంటీబాడీ అంకె ఆకాశాన్ని అంటవచ్చు. అందులో పనికొచ్చేది గుప్పెడే కావచ్చు.

ఇంకొక దొంగ ఎండోటాక్సిన్. ఈ.కోలి పొరలోని ఈ పదార్థం ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని వస్తుంది. ఎలుకలో అదే అడ్జువెంట్‌లా, అంటే టీకా స్పందనను పెంచడానికి కలిపే పదార్థంలా పనిచేసి యాంటీబాడీని ఎగదోస్తుంది. శుద్ధి చేసిన ప్రొటీన్ మీద ట్రైటాన్ ఎక్స్-114 అనే డిటర్జెంట్‌తో ఎండోటాక్సిన్ తీసేసి, దాన్ని కొలిచే లాల్ పరీక్షతో సరిచూసుకోకపోతే ఆ ఘనత ప్రొటీన్‌దో, మురికిదో తేలదు. ఎలుక ఎండోటాక్సిన్‌ను బాగా తట్టుకుంటుంది. పంది తట్టుకోదు, జ్వరపడుతుంది.

## ఎలుకల గుంపులు, సూదులు, రక్తం

పరీక్షకు సాధారణంగా 6 నుంచి 8 వారాల వయసు ఆడ బాల్బ్-సీ రకం ఎలుకలను తీసుకుంటారు. మగవి ఒకే పంజరంలో కొట్లాడుకుంటాయి, ఆ ఒత్తిడి ఫలితాన్ని చెడగొడుతుంది. వచ్చాక కనీసం వారం రోజులు 22 డిగ్రీలు, 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటిలో అలవాటు పడనివ్వాలి. నల్లగొండ మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. కరెంటు పోయి ఏసీ ఆగిన రెండు గంటలు కూడా రికార్డులో రాసి ఉంచాల్సిన సంగతే. ఈ వసతులున్న జంతుశాలలు హైదరాబాద్ చుట్టూనే ఎక్కువ.

గుంపుకు 8 చొప్పున ఐదు గుంపులంటే 40 ఎలుకలు. ఉప్పునీటి బఫర్ మాత్రమే వేసిన గుంపు, అడ్జువెంట్ మాత్రమే వేసిన గుంపు, ప్రొటీన్ మాత్రమే వేసిన గుంపు, ప్రొటీన్ ప్లస్ అడ్జువెంట్ గుంపు, మార్కెట్‌లో ఉన్న టీకా వేసిన గుంపు. చివరిది ఖర్చని చాలామంది వదిలేస్తారు. కొత్త టీకా ఎంత మంచిదో చెప్పాలంటే పాతదాని పక్కన నిలబెట్టక తప్పదు. ఇంకో పొరపాటు, గుంపు మొత్తాన్ని ఒకే పంజరంలో ఉంచడం. అప్పుడు పంజరం తేడా టీకా తేడాలా కనబడుతుంది.

మోతాదు లెక్క ఇలా ఉంటుంది. ఒక్కో ఎలుకకు చర్మం కింద 100 మైక్రోలీటర్లు, అందులో సగం అడ్జువెంట్. మిగిలిన 50 మైక్రోలీటర్లలో 20 మైక్రోగ్రాముల ప్రొటీన్ పట్టాలంటే మొదటి ద్రావణం మిల్లీలీటరుకు 400 మైక్రోగ్రాముల చిక్కదనంలో ఉండాలి. 50 మైక్రోగ్రాముల గుంపు కూడా పెట్టుకుంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. తిరిగి మడతపెట్టిన క్యాప్ ఇంత చిక్కదనంలో మళ్లీ విరిగిపోతుంటుంది. మోతాదు గుంపులు చాలా ప్రయోగాల్లో కాగితం మీదే మిగిలిపోవడానికి కారణం ఇదే.

అడ్జువెంట్ ఎంపిక దగ్గర జాగ్రత్తగా చదవాలి. ఫ్రాయిండ్ పూర్తి అడ్జువెంట్‌లో చంపిన మైకోబ్యాక్టీరియా ఉంటుంది. ఎలుకలో యాంటీబాడీని అమాంతం లేపుతుంది, సూది గుచ్చినచోట గడ్డలు, పుండ్లు తెస్తుంది. మాంసానికి పెంచే పందికి దాన్ని వేయరు. కాబట్టి ఫ్రాయిండ్‌తో వచ్చిన అంకెను పంది దాకా మోసుకెళ్లే దారి లేదు. పటిక ఉప్పులు, మోంటనైడ్ తరహా నూనె ఎమల్షన్‌లతో చేసిన పరీక్షకే విలువ. నూనెలో నీరు రకం ఎమల్షన్ కుదిరిందా అని చూడటానికి చల్లటి నీళ్ల మీద ఒక చుక్క వేస్తారు. చెదరకుండా ముత్యంలా నిలిస్తే కుదిరినట్టు. నీటిలో నూనె, ఆ నూనెలో మళ్లీ నీరు ఉండే రెండు పొరల రకానికి ఈ పరీక్ష వర్తించదు. అది పాలలా కలిసిపోవడమే సరైన గుణం.

0వ రోజు మొదటి సూది, 14వ రోజు బూస్టర్. 0, 14, 28, 42 రోజుల్లో రక్తం తీస్తారు. 20 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం 1.5 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఒకసారికి అందులో పదో వంతు, అంటే 150 మైక్రోలీటర్లు మించకూడదు. దాంట్లోంచి వచ్చే సీరం 60, 70 మైక్రోలీటర్లు. యాంటీబాడీని కొలిచే ఎలైజా పరీక్షకు ఇది చాలు, వైరస్‌ను అడ్డుకునే పరీక్షకు చాలదు. అందుకని గుంపులోని ఎనిమిది సీరంలనూ ఒకే గొట్టంలో కలిపేస్తారు. కలిపిన మరుక్షణం ఎనిమిది ఎలుకల ప్రయోగం ఒక ఎలుక ప్రయోగమైపోతుంది. మూడు ఎలుకలు అసలు స్పందించకపోయినా, మిగతా ఐదు వాటిని కప్పేస్తాయి.

## ఎలైజా అంకె ఎక్కడ మోసం చేస్తుంది

ఎలైజా పలకలో ఒక్కో గుంటకు 100 నానోగ్రాముల క్యాప్‌ను పీహెచ్ 9.6 కార్బొనేట్ బఫర్‌లో రాత్రంతా 4 డిగ్రీల దగ్గర అంటిస్తారు. ఖాళీలను 5 శాతం వెన్నలేని పాలపొడితో పూడుస్తారు. ఎలుక సీరాన్ని 100 రెట్ల పలుచన నుంచి మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతారు. రంగు 450 నానోమీటర్ల దగ్గర చదువుతారు.

గుంటలో అంటించినది ఎలుకకు ఎక్కించిన అదే ప్రొటీన్, అదే బ్యాచ్ అయితే గోల ఇక్కడే మొదలవుతుంది. ఆ బ్యాచ్‌లో క్యాప్‌తోపాటు శుద్ధి కోసం తగిలించిన హిస్టిడిన్ తోక ఉంది, మిగిలిపోయిన ఈ.కోలి ప్రొటీన్లు ఉన్నాయి. ఎలుక వాటన్నిటి మీదా యాంటీబాడీ తయారుచేసింది. పలక వాటన్నిటినీ కలిపి లెక్కిస్తుంది. లక్ష రెట్ల పలుచనలోనూ పాజిటివ్ అని రాసుకున్న ఫలితంలో వైరస్ వాటా ఎంతో తెలియదు. పురుగు కణాల్లో చేసిన క్యాప్‌తోనో, వేరే తోక ఉన్న ప్రొటీన్‌తోనో, శుద్ధి చేసిన అసలు వైరస్‌తోనో పలక పూస్తే ఈ కల్తీ విడిపోతుంది.

యాంటీబాడీ రకం కూడా చూస్తారు. ఐజీజీ1 ఎక్కువైతే యాంటీబాడీల ద్వారా పోరాడే దారి, ఐజీజీ2ఏ పెరిగితే కణాల ద్వారా పోరాడే దారి అని లెక్క. బాల్బ్-సీ ఎలుక పుట్టుకతోనే మొదటి దారి వైపు మొగ్గుతుంది. బ్లాక్-6 అనే మరో రకం ప్రయోగశాల ఎలుకకు ఐజీజీ2ఏ ఉండదు, దాని బదులు ఐజీజీ2సీ ఉంటుంది. ఈ సంగతి మరిచి ఐజీజీ2ఏ కిట్‌తో బ్లాక్-6 సీరాన్ని కొలిచి "స్పందన లేదు" అని తేల్చేసే పొరపాటు జరగడానికి ఎంతో దూరం లేదు.

## వైరస్‌ను నిజంగా ఆపిందా

అసలు ప్రశ్నకు దగ్గరగా వచ్చేది న్యూట్రలైజేషన్ పరీక్ష. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేసి, పలుచన చేసి, 200 టీసీఐడీ50 (సగం కణ కల్చర్లకు సోకేంత మోతాదును ఒకటిగా లెక్కించే కొలత) వైరస్‌తో గంటసేపు 37 డిగ్రీల దగ్గర కలిపి ఉంచుతారు. తర్వాత పీకే-15 అనే పంది మూత్రపిండ కణాల మీద పోస్తారు. పీసీవీ-2 కణాలను కంటికి కనబడేలా చంపదు. మూడు రోజుల తర్వాత రంగు పూసిన యాంటీబాడీతో సోకిన కణాలను వెతికి లెక్కపెట్టాలి. చూసే కన్ను మారితే అంకె మారుతుంది కాబట్టి ఏ గుంపు సీరమో తెలియనివాళ్లతో లెక్కపెట్టించాలి.

పీకే-15 కణాలకూ ఒక చరిత్ర ఉంది. 1974లో పీసీవీ-1 బయటపడిందే ఈ కణాల్లో, కల్తీగా. నేటికీ పీసీవీ లేదని పరీక్షించి రుజువు చేసుకున్న కణాలను వాడకపోతే, లేని వైరస్ ఉన్నట్టూ ఉన్న వైరస్ లేనట్టూ కనబడుతుంది.

ఆఖరి మెట్టు ఎలుకకు వైరస్ ఎక్కించి చూడటం. బాల్బ్-సీలో పీసీవీ-2 కొంతవరకు పెరుగుతుంది. కానీ ఎలుక బక్కచిక్కదు, చావదు. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కోలా పెరుగుతుంది. కాబట్టి కొలిచేది జబ్బును కాదు, ప్లీహంలో, రక్తంలో వైరస్ డీఎన్ఏ మోతాదును. ఇక్కడ ఉచ్చు ఏమిటంటే, లక్ష టీసీఐడీ50 పొట్టలోకి ఎక్కిస్తే ఆ డీఎన్ఏ కొన్నాళ్లు అక్కడే మిగిలి ఉంటుంది. పీసీఆర్‌కు అది కొత్తగా పుట్టిందో, ఎక్కించిందో తెలియదు. 7, 14, 21 రోజుల్లో వరుసగా చూసినప్పుడు టీకా వేయని గుంపులో అది పెరిగి ఉండాలి. పెరగకపోతే టీకా గుంపులో తగ్గిందన్న మాటకు అర్థం లేదు. "వైరస్ లోడ్ తగ్గింది" అన్న శీర్షిక చూసినప్పుడు టీకా వేయని గుంపు గీతను ముందు చూడాలి.

## ఒకే గ్రాఫ్, మూడు అర్థాలు

ఎలుకలో యాంటీబాడీ బాగా పెరిగిన గ్రాఫ్ ఒకటి చేతిలో ఉందనుకుందాం. అది పీసీవీ-2దైతే ఆశపడవచ్చు. పైతొడుగు ఒకే ప్రొటీన్, న్యూట్రలైజింగ్ యాంటీబాడీకి రక్షణతో గట్టి సంబంధం ఉంది.

క్లాసికల్ స్వైన్ ఫీవర్‌దైతే జాగ్రత్త పెరగాలి. అక్కడ టీకా ప్రొటీన్ ఈ2. అది జంటగా కట్టుకుని, మీద చక్కెర గొలుసులు తొడుక్కుని ఉంటేనే అసలు రూపం. ఆ చక్కెరలను ఈ.కోలి తొడగలేదు, పురుగు కణాలో జంతు కణాలో కావాలి. ఎలుకకు ఆ వైరస్‌తో జబ్బు రాదు కాబట్టి వైరస్ ఎక్కించి చూసే మెట్టు ఎలుకలో లేదు. కుందేలుకు బలహీన వైరస్ ఎక్కించి జ్వరం వస్తుందా రాదా అని చూసే పద్ధతి ఒకటుంది, తేల్చేది మాత్రం పందే. ఈ2 టీకాతో ఒక లాభం: టీకా వేసిన పందిలో ఈ2 మీద యాంటీబాడీ ఉంటుంది, వైరస్‌లోని మరో ప్రొటీన్ ఈఆర్‌ఎన్‌ఎస్ మీద ఉండదు. నిజంగా జబ్బు సోకిన పందిలో రెండూ ఉంటాయి. రక్తం చూసి ఏది టీకా పందో, ఏది జబ్బు పందో విడదీయవచ్చు. నష్టమూ ఉంది: కుందేళ్లలో బలహీనపరిచిన, బతికున్న సీ-స్ట్రెయిన్ టీకా నాలుగైదు రోజుల్లో రక్షణ మొదలుపెడితే, ఈ2కు వారాలు పడుతుంది. పక్క దొడ్డిలో జబ్బు వచ్చాక వేస్తే ఆలస్యమే.

అదే గ్రాఫ్ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌దైతే దాదాపు ఏమీ చెప్పదు. ఆ వైరస్ జన్యువు 1,70,000 నుంచి 1,90,000 అక్షరాల పొడవు, ప్రొటీన్లు 150కి పైన, తొడుగు మీద తొడుగు. పీ30, పీ54, పీ72 లాంటి ప్రొటీన్లతో ఎలుకలో, పందిలో కూడా యాంటీబాడీ చక్కగా వస్తుంది. పంది మాత్రం నమ్మకంగా బతకదు, ఎందుకంటే యాంటీబాడీ ఒక్కటే దాన్ని ఆపలేదు. వియత్నాం వంటి చోట ముందుకు వెళ్లినవి బలహీనపరిచిన సజీవ వైరస్ టీకాలే.

## ఎలుకలో లేని పంది

పంది మాయ గుండా తల్లి యాంటీబాడీ పిల్లకు చేరదు. పుట్టిన మొదటి 24 గంటల్లో తాగిన ముర్రుపాలే దిక్కు. ఎలుకలో మాయ గుండానూ, పాలలోనూ యాంటీబాడీ వెళుతుంది. ఇంకా ముఖ్యం, ప్రయోగశాల ఎలుక తల్లికి పీసీవీ-2 పరిచయమే లేదు. దొడ్డిలోని తల్లి పందికి చాలావరకు ఉంటుంది. ముర్రుపాలతో వచ్చిన యాంటీబాడీ టీకా ప్రొటీన్‌ను చుట్టుముట్టి, పిల్ల శరీరం దాన్ని చూడకముందే తొలగించవచ్చు. మూడు వారాల వయసులో టీకా వేయడం అన్నది ఈ అడ్డంకికీ, జబ్బు వచ్చే వయసుకూ మధ్య కుదుర్చుకున్న రాజీ.

పీసీవీ-2 ఒక్కటే వచ్చినప్పుడు చాలా పందులు తట్టుకుంటాయి. పీఆర్ఆర్ఎస్ అనే మరో పంది వైరస్, మైకోప్లాస్మా బ్యాక్టీరియా, ఇరుకు, వేడి, హఠాత్తుగా పాలు మాన్పించడం తోడైనప్పుడే క్షీణత మొదలవుతుంది. ఎలుక గదిలో ఇవేవీ ఉండవు, ఉండకూడదు కూడా.

మోతాదూ బరువు లెక్కన పెరగదు. 20 గ్రాముల ఎలుకకు 20 మైక్రోగ్రాములైతే 6 కిలోల పిల్లకు 6 మిల్లీగ్రాములని లెక్క తేలుతుంది, ఏ కంపెనీకీ గిట్టదు. పంది మోతాదును పందిలోనే మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

## దక్షిణ తెలంగాణ దాకా రావాలంటే

జన్యుమార్పిడి పనికి 1989 నిబంధనల కింద సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ, ఆపైన జన్యుమార్పిడి పరిశోధనలను సమీక్షించే కేంద్ర కమిటీ ఆర్‌సీజీఎం చూస్తాయి. ఎలుకల ప్రయోగానికి సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి చాలు. పంది దాకా వస్తే 1960 జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ గడప తొక్కాలి. ఆపైన పరిమిత దొడ్లలో క్షేత్ర పరీక్ష, తయారీ లైసెన్సు. ఎలుక గ్రాఫ్‌కూ పశువైద్యశాల ఫ్రిజ్‌కూ మధ్య సంవత్సరాలు పడతాయి.

ఈలోపు ఇక్కడి నుంచి చేయదగిన పని ఒకటుంది. ప్రపంచంలో పీసీవీ-2 రకాలు 2ఏ, 2బీ, 2డీ తిరుగుతున్నాయి. ఎలుక సీరం ఏ రకాన్ని ఆపిందో చెప్పాలంటే ఇక్కడి దొడ్లలో ఏది ఉందో తెలియాలి. క్షీణించిన పిల్ల చనిపోయిన కొద్ది గంటల్లోనే గజ్జల గడ్డ, ఊపిరితిత్తుల ముక్క తీసి ఐస్ మీద రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు చేరిస్తే వైరస్‌ను గుర్తించవచ్చు. రక్తమైతే గడ్డకట్టాక సీరం వేరుచేసి పంపాలి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. రోహిణి కార్తె ఎండలో రక్తాన్ని గొట్టంతోనే బస్సులో పంపితే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబారుతుంది, ఎలైజాకు పనికిరాదు.

టీకా వచ్చాక కూడా పాత అలవాటు ఒకటి మార్చుకోవాలి. స్వైన్ ఫీవర్ సజీవ టీకా పొడిని ఎంత చల్లగా ఉంచితే అంత మేలు, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ప్రొటీన్ టీకా అలా కాదు. నూనె ఎమల్షన్‌ గానీ పటిక టీకా గానీ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకడితే చెడినట్టే. ఐస్ గడ్డకు నేరుగా ఆనించిన సీసాలో నూనె విడిపోయి పైన తేలుతుంది. దాన్ని ఎంత ఊపినా మళ్లీ టీకా కాదు.

ఇక బూస్టర్ సంగతి. షెడ్లలో సీమ పందులు పెంచేవాళ్లకు రెండు సూదులు కష్టం కాదు. మిర్యాలగూడ, సూర్యాపేట, గద్వాల వంటి పట్టణాల శివార్లలో వదిలి మేపే నాటు పందిపిల్లను ఒకసారి పట్టుకోవడమే గగనం. రెండు వారాల తర్వాత అదే పిల్లను మళ్లీ గుర్తుపట్టి పట్టుకోవడం జరగని పని. ఎలుక ప్రయోగాల నివేదికలు 28వ రోజు, బూస్టర్ తర్వాతి అంకెనే పైకెత్తి చూపిస్తాయి. ఈ ప్రాంతానికి పనికొచ్చే అంకె అదే పట్టికలో ఎవరూ పట్టించుకోని గడిలో ఉంటుంది: 14వ రోజు, రెండో సూదికి ముందు తీసిన రక్తంలో, న్యూట్రలైజింగ్ యాంటీబాడీ ఎన్ని ఎలుకల్లో కనబడింది అన్నది.